మీకు తెలుసా? బాసు మంచివాడైతే లెక్కలే మారిపోతాయి!

ఇలా దగ్గరికి జరగండి. మీ బాసు కంట పడేలోపు చెప్పేస్తాను! చదివాక ఈ పేజీని ఆయన టేబుల్ మీద మర్చిపోయినట్టు వదిలేస్తారా? అది మీ ధైర్యం!

సమ్మెలు ఎందుకు జరుగుతాయి? జీతం పెంచమని. బోనసు ఇమ్మని. ఫలానా మేనేజరును తీసేయమని. మరి తీసేసిన బాసును మళ్లీ తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టమని ఎవరైనా సమ్మె చేస్తారా? చేశారు! అమెరికాలో మార్కెట్ బాస్కెట్ అనే సూపర్‌మార్కెట్ల సంస్థ ఉంది. 2014 జూన్‌లో ఇంటి తగాదాల్లో ఆర్థర్ టి. డెమూలస్ అనే అధిపతిని పదవిలోంచి దింపేశారు. అంతే! లారీలు ఆగిపోయాయి. కూరగాయల అరలు బోసిపోయాయి. 71 దుకాణాల సంస్థ ఉన్నచోటే నిలిచిపోయింది. ఉద్యోగులు ఆయన ఫొటోలు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు!

ఇంకా వింత చెప్పనా? సరుకులు కొనేవాళ్లు కూడా వాళ్ల వైపే వచ్చేశారు! వేరే షాపులో కొన్నారు. ఆ బిల్లులు తెచ్చి మార్కెట్ బాస్కెట్ అద్దాలకు అంటించారు. మీకు రావలసిన డబ్బు ఎక్కడికి పోయిందో చూసుకోండి అని! రెండు నెలలు తిరిగేసరికి డెమూలస్ తిరిగొచ్చారు. ఊరికే రాలేదు. ఎదుటి వర్గం చుట్టాల వాటాలన్నీ 150 కోట్ల డాలర్లకు పైగా పోసి కొనేసి మరీ వచ్చారు!

ఆయనలో అంత ఏముందట? సామాను సర్దే కుర్రాడి పేరు తెలుసు. ఇంట్లో వాళ్లెలా ఉన్నారని అడిగేవారు. చావుకీ పెళ్లికీ వెళ్లేవారు. ఇంతే! అప్పట్లో ఆ కంపెనీలో ఉన్నది 25 వేల మంది. అందరి పేర్లూ గుర్తుండటం మానవమాత్రుడికి సాధ్యమా అంటే, నాకైతే అనుమానమే. కానీ 'మా పేరు ఆయనకు తెలుసు' అని అంతమంది నమ్మారు చూడండి, అదీ వింత!

పేర్లంటే గుర్తొచ్చింది. బాసుకు థాంక్స్ చెప్పడానికి పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన వేయిస్తారా ఎవరైనా? సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ వాళ్లు వేయించారు! 1994లో. సొంత డబ్బులతో! 16 వేల మంది ఉద్యోగులు తలా కాస్త వేసుకుని, తమ అధిపతి హెర్బ్ కెల్లెహర్‌కి యూఎస్ఏ టుడేలో కృతజ్ఞతలు చెప్పారు. మా పేర్లన్నీ గుర్తుపెట్టుకున్నందుకు అన్నది అందులో మొదటి వరుసలోనే ఉన్న మాట. ఆ ఎయిర్‌లైన్స్ వరుసగా ఎన్నేళ్లు లాభాల్లో ఉందో తెలుసా? 47 ఏళ్లు! కరోనా వచ్చి విమానాలు నేలకు దిగేదాకా ఆ వరుస తెగలేదు!

అమెరికా కథలు ఎందుకండీ, మన గడ్డ మీద ఏమీ లేదా అంటారా? ఉంది! మన శ్రీహరికోటలోనే!

1979 ఆగస్టు 10. మన దేశపు మొదటి ఉపగ్రహ వాహక నౌక ఎస్ఎల్‌వీ-3 పైకి లేచింది. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. రెండో దశలో తేడా కొట్టింది. 317 సెకన్లు. బంగాళాఖాతంలో పడిపోయింది! ఏళ్ల తరబడి చేసిన పని, అయిదు నిమిషాలు దాటిన కాసేపటికే నీళ్లపాలు!

బయట విలేకరులు కాచుకుని ఉన్నారు. దేశమంతా ప్రశ్నలే. ప్రజల సొమ్ము సముద్రంలో పోశారే అని! కలాం వెళ్లి నిలబడాల్సిన చోటు అది. వెళ్లింది ఎవరో తెలుసా? ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్! మైకు ముందు కూర్చుని, నా బృందం మీద నాకు నమ్మకముంది, వచ్చే ఏడాది గెలుస్తాం అన్నారు. తప్పు ఎవరిదన్న ప్రశ్నే రానివ్వలేదు. మొత్తం తన భుజం మీద వేసుకున్నారు!

సరిగ్గా అన్నట్టే అయింది. 1980 జులై 18. 35 కిలోల రోహిణి కక్ష్యలోకి చేరింది! మళ్లీ విలేకరులు. ఈసారి ఛైర్మనే వెళ్తారు కదా, ఫొటోలు పడే రోజు! వెళ్లలేదు! కలాంను పిలిచి, ఈ సమావేశం నువ్వే నడుపు అన్నారు ధావన్. ఓడిన రోజు బాసు, గెలిచిన రోజు బృందం! కలాం రాష్ట్రపతి అయ్యాక కూడా ఈ సంగతి ఎన్ని సభల్లో చెప్పారో! ఇప్పుడు ఆ కేంద్రం బోర్డు మీద ఉన్న పేరు చూశారా? సతీశ్ ధావన్ అంతరిక్ష కేంద్రం. 2002లో పెట్టారు.

మన ఆఫీసుల్లో ఎక్కువగా దీన్ని తిరగేసిన పద్ధతి నడుస్తుందని అనడం లేదు. మీరే నవ్వుతున్నారు!

సరే, ఇది వినండి. కోప్పడే బాసు దగ్గర తప్పులు తగ్గుతాయా? తగ్గినట్టు కనిపిస్తాయి! అమెరికాలో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 8 ఆస్పత్రి వార్డుల్లో మందుల పొరపాట్లు లెక్కపెట్టారు. హెడ్ నర్సు మంచిదైతే, బృందం కలిసిమెలిసి ఉంటే తప్పులు తక్కువ ఉంటాయనుకున్నారు. ఉల్టా వచ్చింది! మంచి వార్డుల్లోనే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి! ఎందుకంటారా? అక్కడి నర్సులు దాచకుండా చెప్పేస్తున్నారు. కసురుకునే వార్డుల్లో? అంతా గప్‌చుప్! రిజిస్టరు మాత్రం తళతళ!

ఇంకా భయం పుట్టించేది ఒకటుంది. ఇజ్రాయెల్‌లో నెలలు నిండని పిల్లల వార్డుల నుంచి 24 డాక్టర్-నర్సు బృందాలను పిలిచారు. ఎదురుగా బొమ్మ పాప. ఆ పాప పరిస్థితి ఉన్నట్టుండి దిగజారుతుంది. గుర్తుపట్టి వైద్యం చేయాలి. కొన్ని బృందాలకు ముందుగా విదేశీ నిపుణుడి గొంతు వినిపించారు. మీ దేశంలో వైద్యం ఏమంత బాగోలేదని ఓ పుల్లవిరుపు మాట! వాళ్లనే పేరు పెట్టి తిట్టలేదు కూడా. అయినా ఆ బృందాలు జబ్బును గుర్తించడంలో వెనకబడ్డాయి. చేతిపనిలోనూ వెనకబడ్డాయి. ఒకళ్లనొకళ్లు సాయం అడగడం కూడా తగ్గించేశారు! ఆ మాత్రం మాటలకే! 2015లో అచ్చయిన పరిశోధన ఇది.

బాసు అరుపు గుండెకు తగులుతుందని ఊరికే అనరండోయ్! స్వీడన్‌లో 3,122 మంది మగ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. మీ పై అధికారి ఎలాంటివాడు అని అడిగారు. తర్వాత ఎవరెవరికి గుండెజబ్బు వచ్చిందో చూశారు. బాసుకు మంచి మార్కులు వేసినవాళ్లకు ముప్పు తక్కువ! ఆ బాసు కింద పనిచేసిన కాలం పెరిగేకొద్దీ తేడా ఇంకా పెరిగింది! ఇకనుంచి హెల్త్ చెకప్‌లో బీపీ, షుగరుతో పాటు మేనేజరు పేరు కూడా రాయమనాలేమో!

మరి తిట్లు తిన్న ఉద్యోగి ఏం చేస్తాడు? తలొంచుకుని పనిచేస్తాడనుకుంటున్నారా? లేదు! క్రిస్టీన్ పోరాత్ అనే అమెరికా ప్రొఫెసరు, తోటి పరిశోధకురాలితో కలిసి 17 రంగాల్లో 800 మందిని అడిగారు. అవమానం జరిగాక కావాలనే పని తగ్గించామని ఒప్పుకున్నవాళ్లు ఎంతమందో తెలుసా? 48 శాతం! అంటే దాదాపు సగం! పాతిక శాతం మందైతే ఆ కోపం కస్టమర్ల మీద తీర్చుకున్నారట! బ్యాంకు కౌంటర్లో మీ మీద విసుక్కున్న ఆయన్ని తిట్టుకుంటున్నారా? లోపల క్యాబిన్‌లో ఏం జరిగిందో!

మంచి మాటకు ఎంత విలువ? ఇదిగో లెక్క! ఒక అమెరికా విశ్వవిద్యాలయంలో విరాళాల కోసం ఫోన్లు చేసే సిబ్బంది ఉన్నారు. సగం మంది దగ్గరికి డైరెక్టరమ్మ వచ్చి, మీ కష్టానికి కృతజ్ఞతలు అని చెప్పి వెళ్లారు. జీతం పెంచలేదు. స్వీటు పెట్టలేదు. తర్వాతి వారం వాళ్లు చేసిన ఫోన్లు 50 శాతం పెరిగాయి! మిగతా సగం మందివి? ఎక్కడివక్కడే!

క్యాంప్‌బెల్ సూప్ కంపెనీని నడిపిన డగ్ కొనెంట్ ఈ కిటుకు బాగా పట్టాడు. రోజూ కూర్చుని చేత్తో ఉత్తరాలు రాసేవాడు. ఫలానా పని బాగా చేశావు, థాంక్స్ అని! పదేళ్లలో ఎన్ని రాశాడంటే, 30 వేలు! ఉద్యోగులేమో సుమారు 20 వేల మందే! మధ్యలో ఒకసారి కారు ప్రమాదమై ఆస్పత్రిలో పడితే, కోలుకోమంటూ ప్రపంచం నలుమూలల నుంచి ఆయనకే ఉత్తరాలు!

ఇంద్రా నూయీ ఇంకో మెట్టు పైకెళ్లారు. చెన్నై అమ్మాయి కదా, మన ఇళ్ల సంగతి తెలుసు! పెప్సికో అధిపతి అయ్యాక ఇంటికొస్తే, వచ్చిన చుట్టాలంతా ఆమెను వదిలేసి వాళ్లమ్మను పొగిడారట. ఎంత బాగా పెంచావమ్మా అని! వెంటనే బుర్ర వెలిగింది. తన కింద పనిచేసే పెద్ద అధికారుల అమ్మానాన్నలకు ఉత్తరాలు మొదలుపెట్టారు. మీ బిడ్డను మా కంపెనీకి ఇచ్చినందుకు కృతజ్ఞతలంటూ! ఏడాదికి సుమారు 400! ఆలోచించండి. అప్రైజల్‌లో వచ్చే హైక్ మన అకౌంట్లో పడుతుంది. ఈ ఉత్తరం మాత్రం నాన్న జేబులో మడతపెట్టుకుని వీధంతా తిరుగుతుంది!

మన హైదరాబాదీ సంగతి చెప్పకపోతే ఎలా? 2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ కుర్చీ ఎక్కారు. అప్పట్లో ఆ కంపెనీలో మీటింగంటే కత్తియుద్ధమే అని పేరు! కొత్త బాసు పెద్ద అధికారులను కూర్చోబెట్టి ఏం చేతికిచ్చారో తెలుసా? టార్గెట్ల పట్టిక అనుకుంటున్నారా? ఒక పుస్తకం! ఎదుటివాడిని నొప్పించకుండా ఎలా మాట్లాడాలో చెప్పే పుస్తకం! అప్పుడు సుమారు 30 వేల కోట్ల డాలర్ల కంపెనీ. పదేళ్లకు 3 లక్షల కోట్ల డాలర్లు దాటింది! అంతా ఆ పుస్తకం మహిమే అంటే నేనూ ఒప్పుకోను. క్లౌడ్ వ్యాపారం ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. కానీ మొదలు అక్కడ పెట్టారు చూశారా!

గూగుల్ వాళ్లది మరీ తమాషా. అసలు మేనేజర్లే దండగ అనుకున్నారు! 2002లో ఇంజినీర్ల మీద మేనేజర్లను ఎత్తేశారు. కొన్ని నెలలే! ఖర్చుల బిల్లుల దగ్గర్నుంచి కొట్లాటల దాకా అందరూ నేరుగా లారీ పేజ్ గదికే వచ్చి పడ్డారు! మళ్లీ మేనేజర్లు వచ్చేశారు. తర్వాత మంచి మేనేజరుకు ఉండాల్సిన లక్షణాలు ఏమిటని సమాచారం తవ్వితే 8 తేలాయి. అందులో సాంకేతిక పరిజ్ఞానం ఎన్నోది? ఎనిమిదోది! ఆఖరిది! మొదటిది పక్కనుండి నేర్పించడం. గూగుల్లోనే ఇలా ఉంటే మిగతా చోట్ల చెప్పాలా!

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. కాస్త నిదానంగా చెప్తాను.

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊరు. అక్కడ జనరల్ మోటార్స్ వాళ్ల కార్ల ఫ్యాక్టరీ. దేశంలోకెల్లా చెడ్డ సిబ్బంది అని పేరు! షిఫ్టులో తాగేవాళ్లు. రానివాళ్లు రారు. ఏ రోజు చూసినా 20 శాతం మంది గైర్హాజరు! విసిగిపోయి 1982లో మూసేశారు.

1984లో తలుపులు మళ్లీ తెరిచారు. ఈసారి నడిపేది జపాన్ టయోటా. కొత్తవాళ్లను తెచ్చారనుకుంటున్నారా? లేదు! ఎక్కువమంది ఆ పాతవాళ్లే! ఆ తాగుబోతులే, ఆ ఎగవేతగాళ్లే! కొన్నాళ్లకు గైర్హాజరు ఎంతకు దిగిందో చెప్పుకోండి. 2 శాతానికి! కార్ల నాణ్యతలో అమెరికాలోని మేటి ఫ్యాక్టరీల్లో ఒకటనిపించుకుంది!

ఏం మంత్రం వేశారు? పై అధికారులకు వేరే భోజనాల గది తీసేశారు. అందరికీ ఒకటే క్యాంటీన్! పెద్దసార్ల కార్లకు ప్రత్యేక పార్కింగు తీసేశారు. ముందొచ్చినవాడికి ముందు! ఇంకొకటి, అసలైనది. కార్లు వరుసగా కదిలే లైను పొడవునా ఒక తాడు కట్టారు. ఏ కార్మికుడికైనా తేడా కనిపిస్తే ఆ తాడు లాగొచ్చు. లైను ఆగిపోతుంది! పాత రోజుల్లో లైను ఆపితే ఉద్యోగం ఊడేది. ఇప్పుడు తాడు లాగగానే టీమ్ లీడరు పరుగున వచ్చి అడిగేది ఒక్కటే. ఏం సాయం కావాలి అని! ఫ్యాక్టరీ ఆపే అధికారం బోల్టు బిగించేవాడి చేతిలో! ఆ ఆవరణలోనే ఇప్పుడు టెస్లా కార్లు తయారవుతున్నాయి.

జీతం పెంచితే చాలదా, ఇవన్నీ ఎందుకు అంటారా? హెన్రీ ఫోర్డ్‌ను చూడండి. 1913లో 14 వేల మందితో ఫ్యాక్టరీ నడపడానికి ఏడాదిలో 52 వేల మందిని చేర్చుకోవలసి వచ్చింది! వస్తారు, పోతారు! 1914 జనవరిలో రోజు కూలి 5 డాలర్లు చేశాడు. దాదాపు రెట్టింపు! వలస బాగా తగ్గింది. కానీ ఈ ఉపాయం వెనక ఒక మెలిక ఉంది. ఆ కూలి కావాలంటే ఇన్‌స్పెక్టరు మీ ఇంటికొస్తాడు. తాగుతున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా అని చూస్తాడు! డబ్బిచ్చాడు సరే. దీన్ని గౌరవం అనాలంటే నాకు నోరు రావడం లేదు.

ఎనిమిది గంటల పని మన దేశంలో ఎప్పుడొచ్చింది? చట్టం చాలా ఏళ్ల తర్వాత కదా! టాటా ఉక్కు కర్మాగారంలో 1912లోనే వచ్చేసింది! చట్టం అడగలేదు. అయినా ఇచ్చారు!

అంతకంటే ముందు జర్మనీలో ఎర్న్‌స్ట్ ఆబె ఉన్నాడు. జెనాలో జైస్ అద్దాల కంపెనీ ఆయన చేతిలో ఉండేది. 1900లో 9 గంటల పనిని 8కి తగ్గించాడు. ఆపై శాస్త్రవేత్త కదా, ఊరుకోకుండా కొలిచాడు! గంట తగ్గితే ఉత్పత్తి పెరిగింది!

మన ఆదివారం సెలవు ఎవరి పుణ్యమో తెలుసా? బొంబాయి మిల్లు కార్మికుల కోసం పోరాడిన నారాయణ్ మేఘాజీ లోఖండే! 1890 జూన్ 10న సాధించాడు. ఆదివారం మధ్యాహ్నం నిద్రపోయేముందు ఒక్క క్షణం తలుచుకోండి!

గంటలు తగ్గిస్తే కంపెనీ మునుగుతుందా? మైక్రోసాఫ్ట్ జపాన్ శాఖను అడగండి. 2019 ఆగస్టులో శుక్రవారాలన్నీ సెలవిచ్చేశారు! జీతం కోత లేదు. మీటింగులు అరగంటకు మించొద్దన్నారు. ఒక్కో ఉద్యోగి అమ్మకాలు ముందటి ఏడాది ఆగస్టుతో పోలిస్తే సుమారు 40 శాతం పెరిగాయి!

రాత్రి పదకొండుకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో బాసు మెసేజ్. "రేపు పొద్దున్నే కావాలి." కింద ఒక్కొక్కరూ "ఓకే సార్", "ష్యూర్ సార్", మధ్యలో ఎవరో చేతులు జోడించిన బొమ్మ! మనకు అలవాటైపోయింది. జర్మనీ ఫోక్స్‌వ్యాగన్‌లో 2011లోనే ఏం చేశారో తెలుసా? షిఫ్టు అయిపోయిన 30 నిమిషాలకు ఆఫీసు ఫోన్లకు ఈమెయిల్స్ వెళ్లకుండా సర్వరునే ఆపేశారు! బాసు రాత్రంతా కొట్టుకున్నా పోదు!

డైమ్లర్ వాళ్లు ఇంకా గట్టివాళ్లు. 2014లో అక్కడ ఒక ఏర్పాటు వచ్చింది. మీరు సెలవులో ఉంటే వచ్చిన ఈమెయిల్ దానంతటదే చెరిగిపోతుంది! పంపినవాడికి ఫలానావాళ్లను అడగండని జవాబు వెళ్తుంది. జర్మనీలో సుమారు లక్ష మందికి ఈ సౌకర్యం! సెలవు నుంచి తిరిగొస్తే ఇన్‌బాక్స్ ఖాళీ! కలలా లేదూ?

ఫ్రాన్స్ దీన్ని చట్టమే చేసింది. 2017 జనవరి 1 నుంచి, 50 మంది, ఆపైన ఉన్న కంపెనీలు పని వేళల తర్వాత ఉద్యోగిని వదిలేయడం గురించి ఒక పద్ధతి పెట్టుకోవాల్సిందే!

బాసు పొగరు దేశాన్నే కుదిపేయడం చూశారా? 2014 డిసెంబరులో కొరియన్ ఎయిర్ విమానం న్యూయార్క్‌లో బయలుదేరింది. యజమాని కూతురే ఆ సంస్థలో ఉపాధ్యక్షురాలు. మకాడమియా గింజలను గిన్నెలో వేయకుండా పొట్లంతో ఇచ్చారని రెచ్చిపోయింది. కదిలిన విమానాన్ని వెనక్కి తిప్పించి, సిబ్బంది పెద్దను దింపేసింది! గింజల కోసం! దేశమంతా భగ్గుమంది. కింది కోర్టు ఏడాది జైలు వేసింది. అప్పీలులో శిక్ష అమలు ఆపి వదిలారు కానీ, కొరియాలో 2019 జులై నుంచి ఆఫీసు వేధింపుల మీద చట్టమే వచ్చేసింది. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష సాధించే యజమానికి 3 ఏళ్ల దాకా జైలు!

జపాన్‌లో మరో విచిత్రం. బాసు ముఖం చూసి రాజీనామా చెప్పడానికి భయమా? మీ తరఫున వేరేవాళ్లు ఫోన్ చేసి చెప్పేస్తారు! దానికి కంపెనీలే ఉన్నాయి! రుసుము సుమారు 20 వేల యెన్‌లు. నవ్వొస్తుందా? ఆ ఫోన్ చేయించుకోవలసిన స్థితి తలుచుకుంటే నాకు నవ్వు రావడం లేదు.

అదే జపాన్‌లో సతోరు ఇవాతా కూడా ఉండేవాడు! వీడియోగేముల నింటెండో అధిపతి. 2014లో అమ్మకాలు పడిపోయాయి. ఎవరి జీతం కోశాడు? తనది! 5 నెలల పాటు సగానికి సగం!

కజువో ఇనమోరి సంగతి ఇంకా గొప్పది. దివాలా తీసిన జపాన్ ఎయిర్‌లైన్స్‌ను 2010లో ఆయన చేతిలో పెట్టారు. వయసు 78! జీతం సున్నా! మూడేళ్లు తిరక్కుండానే ఆ సంస్థ షేరు మళ్లీ మార్కెట్లోకి వచ్చింది!

మంచి బాసుకు ఎప్పుడూ లాభమే వస్తుందా? అబద్ధం చెప్పను. ఆరన్ ఫాయర్‌స్టైన్‌కు రాలేదు. అమెరికాలో మాల్డెన్ మిల్స్ బట్టల మిల్లు ఆయనది. 1995 డిసెంబరు 11. ఆయన 70వ పుట్టినరోజు విందు జరుగుతున్న రాత్రే మిల్లు కాలిపోయింది! బీమా సొమ్ము తీసుకుని హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు. అలా చేయలేదు. పని లేకపోయినా నెలల తరబడి కార్మికులకు జీతాలిచ్చాడు. 2.5 కోట్ల డాలర్లు! మిల్లు లేచింది. కానీ అప్పుల్లో కూరుకుని 2001లో దివాలా తీసింది. పశ్చాత్తాపమా? మళ్లీ అయినా అదే చేస్తానన్నాడు పెద్దాయన!

సూరత్ వజ్రాల వ్యాపారి సవ్‌జీ ఢోలకియా దీపావళికి ఉద్యోగులకు కార్లిచ్చాడని మీరు చదివే ఉంటారు. నాకు కార్ల కంటే ఇంకో సంగతి నచ్చింది. 2016లో అమెరికాలో చదువుకునే కొడుకును కొచ్చి పంపాడు. మూడు జతల బట్టలు, చేతిలో 7 వేల రూపాయలు! తండ్రి పేరు చెప్పకూడదు. ఆ డబ్బు ఆపదొస్తేనే ముట్టాలి. నెలరోజులు పనులు వెతుక్కుని బతకాలి! కుర్రాడు చెప్పుల షాపులో చేశాడు, బేకరీలో చేశాడు. రేపు తన కింద పనిచేసేవాళ్లకు ఆకలంటే ఏమిటో ముందే తెలిసింది! యజమానుల పిల్లలందరికీ ఈ కోర్సు పెడితే ఎంత బాగుండు!

మన సింగరేణి సంగతి తెలుసుగా? లాభంలో కార్మికుడికి వాటా! 2024లో దసరా ముందు 33 శాతం ప్రకటించారు. 796 కోట్లు! అంతకంటే వింత, కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి తలా 5 వేలు! మొత్తం చిన్నదే. నిజమే. కానీ లాభాల లెక్కలో వాళ్ల పేరు ఎక్కడం మాత్రం అదే మొదలు!

ఉద్యోగం మానేశాక రావలసిన డబ్బు కోసం నెలల తరబడి హెచ్‌ఆర్ చుట్టూ తిరిగారా? కొత్త వేతన కోడ్ ఏం చెబుతోందో తెలుసా? మానేసినా, తీసేసినా, రావలసిన జీతం 2 పనిదినాల్లో ఇచ్చేయాలి! రెండే! కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ పేరా కత్తిరించి దాచుకోండి!

50 మంది, ఆపైన పనిచేసే చోట పసిపిల్లల కోసం క్రెష్ ఉండాలని 2017 చట్ట సవరణ. అది చాలామందికి తెలుసు. తల్లి రోజుకు 4 సార్లు పనిలోంచి లేచి బిడ్డ దగ్గరికి వెళ్లొచ్చన్నది? అది కూడా చట్టంలోనే ఉంది!

ఇక చివరిది. దీనికి మీ సాయం కావాలి.

బట్టల షాపుకెళ్తాం. మనకు మెత్తటి కుర్చీ వేస్తారు. చల్లటి నీళ్లిస్తారు. ఎదురుగా ఆ అమ్మాయి చీర విప్పి పరుస్తుంది. అంచు చూపిస్తుంది, కొంగు చూపిస్తుంది, భుజాన వేసుకుని చూపిస్తుంది. ఇది వద్దంటాం. మళ్లీ మడత. ఇంకోటి. యాభై చీరలయ్యాక, మళ్లీ వస్తామని లేచిపోతాం! ఆమె పొద్దున్నుంచి నిలబడే ఉంది. కస్టమర్లు లేని మధ్యాహ్నం కూడా కూర్చోకూడదు. కెమెరాలో ఫ్లోర్ మేనేజరు చూస్తాడు!

కేరళ అమ్మాయిలు దీనిమీద తిరగబడ్డారు! కోళికోడ్‌లో విజి అనే దర్జీ పని చేసే ఆమె షాపుల ఆడవాళ్లను కూడగట్టింది. మొదట అడిగింది మరుగుదొడ్డి. తర్వాత కూర్చునే హక్కు. త్రిశ్శూరులో ఆరుగురు సేల్స్ గర్ల్స్ 100 రోజులకు పైగా షాపు ముందు కూర్చుని సమ్మె చేశారు. షాపులో దొరకని కూర్చోవడం రోడ్డు మీద! 2018లో కేరళ చట్టం మార్చింది. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాల్సిందే! 2021లో తమిళనాడూ మార్చింది.

ఇందులో అసలు ఆశ్చర్యం చెప్పనా? ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్లకు, వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని మన ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లో ఎప్పుడో రాశారు. ఎప్పుడంటే 1948లో! గేటు లోపలి మనిషికి దొరికిన కుర్చీ, కౌంటరు వెనక మనిషి దాకా రావడానికి 70 ఏళ్లు పట్టింది!

ఈసారి చీరలకు వెళ్లినప్పుడు ఆ కౌంటరు వెనక ఒక్కసారి తొంగిచూడండి. స్టూలు లేదా? బిల్లు కట్టేటప్పుడు గల్లా దగ్గరున్న ఓనరుగారిని అడగండి. అమ్మాయిలకు కూర్చోవడానికి ఏమీ వేయలేదేంటండీ అని! డబ్బులిచ్చే చేతితో అడిగితే కాస్త గట్టిగానే వినిపిస్తుంది!